పది గంటల ప్రార్థన

మొన్న ఆదివారం తెనాలిలో మా చర్చిలో ఆరాధన మొదలవబోతుండగా సంఘపెద్ద ఒకాయన మైకు దగ్గరికొచ్చి, అందరూ దయచేసి సెల్‌ఫోన్లు ఆపెయ్యండని ఎప్పటిలాగే చెప్పారు. బెంచీల వెంట సంచుల జిప్పులు లాగిన చప్పుడు, జేబులు తడుముకున్న చప్పుడు వినిపించి, ఆ తరువాత అంతా సద్దుమణిగింది. నేను మాత్రం నా ఫోను మోత రాకుండా చేసి, అద్దం పైకి కనిపించేలా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పక్కనున్నావిడ, వరసకు నాకు వదిన, మోచేత్తో మెల్లగా పొడిచి, “పూర్తిగా ఆపెయ్ వదినా, పాస్టరయ్యగారు చూస్తే బాగోదు” అంది. చూస్తే చూశారులే అనుకున్నాను. ఫోను ఆపకపోవడం ఒక్కటే కాదు, ప్రార్థనలో నేను కళ్ళు కూడా మూసుకోను. అరవై దాటిన మనిషి, లూథరన్ ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి, పసిపిల్లలా కళ్ళు తెరుచుకుని కూర్చుంటుందేమిటని వెనక బెంచీల్లో అనుకుంటారని నాకు తెలుసు. అనుకోనివ్వండి. దానికి కారణం ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, ఇవాళ మీకు చెబుతాను.

నా ఈడువాళ్ళకు పాత నల్ల ఫోను గుర్తుండే ఉంటుంది. రాయిలాగా బరువుండేది, మోగితే మూడిళ్ళ అవతలికి వినపడేది. ఇంట్లో ప్రార్థన పెట్టుకున్నా, ఒంట్లో బాగాలేనివాళ్ళకు కాస్త కునుకు పట్టినా, ఎవరో ఒకరు వెళ్ళి దాని వైరు ఊడదీసి పెట్టేవారు, పని అయ్యాక మళ్ళీ తగిలించేవారు. దానివల్ల ఎవరికీ నష్టం ఉండేది కాదు. మోగాల్సిన ఫోను కాసేపు మోగదు, అంతే. ఆ అలవాటు మన తరంవాళ్ళ చేతివేళ్ళలో ఉండిపోయింది, మా పెదనాన్న వేళ్ళలో అయితే మరీనూ.

నేను పనిచేసింది పాతకాలపు క్రైస్తవ ఆసుపత్రిలో. పేరు చెప్పను, చెప్పాల్సిన అవసరమూ లేదు. పెద్దది తెనాలిలో, చిన్నవి రెండు బాపట్లలోనూ రేపల్లెలోనూ ఉండేవి. మా నాన్న నా చిన్నతనంలోనే పోతే, ఆయన అన్నగారు, అంటే మా పెదనాన్న, నన్ను కాకుమాను నుంచి రేపల్లె తీసుకొచ్చి తన ఇంట్లో పెట్టుకుని చదివించి, టైపు నేర్పించి, తాను రికార్డు గుమాస్తాగా ఉన్న ఆ ఆసుపత్రిలోనే నన్ను టైపిస్టుగా చేర్పించారు. పెళ్ళయ్యేదాకా పెద్దమ్మ జడ వేసి క్యారేజీ చేతికిస్తేనే నేను పనికి బయలుదేరేదాన్ని. పెళ్ళయి తెనాలి వచ్చాక ఉద్యోగం కూడా తెనాలికి మారింది. కొన్నేళ్ళకు టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చాయి, ఆ వెనకే కొత్తరకం ఫోన్లు వచ్చాయి. టైపు వచ్చిన మనిషికి కంప్యూటరూ వస్తుంది, కంప్యూటర్ వచ్చిన మనిషికి దాని వైర్లూ వస్తాయని మా పెద్దల నమ్మకం. పది రోజులు హైదరాబాదు పంపి శిక్షణ ఇప్పించి, మూడు ఊళ్ళ వైర్ల బరువూ నా నెత్తిన పెట్టారు. నలభై దాటిన వయసులో స్టూలెక్కి గోడలు పట్టుకుని వేళ్ళాడటం మొదలుపెట్టాను.

ఆ కొత్త ఫోన్ల సంగతి కాస్త చెప్పాలి, లేకపోతే జరిగింది మీకు అర్థం కాదు. గోడల్లో వైరు పెట్టే రంధ్రాలు తక్కువ, బల్లలు ఎక్కువ. అందుకని గోడ నుంచి వచ్చే వైరు ముందు ఫోనులోకి వెళ్ళేది, ఫోను నుంచి ఇంకో వైరు కంప్యూటర్‌లోకి వెళ్ళేది. ఫోను అడుగున పక్కపక్కనే రెండు రంధ్రాలు, ఒకటి గోడ వైరుకు, కంప్యూటర్ బొమ్మ ఉన్న రెండోది కంప్యూటర్ వైరుకు. ఫోనుకు కావలసిన కరెంటు కూడా ఆ గోడ వైరులోనే వచ్చేది. ఆ ఒక్క వైరు ఊడిందంటే ఫోనూ పోతుంది, దాని వెనకాల కంప్యూటర్‌కూ బయటి లోకంతో సంబంధం తెగిపోతుంది. చూసేవాళ్ళకు మాత్రం కంప్యూటర్ వెలుగుతూనే కనిపిస్తుంది, అంతకుముందు వచ్చిన కాగితాలన్నీ చూపిస్తూనే ఉంటుంది. కొత్తది ఒక్కటి రాదు. అది ఆగిపోయిందన్న సంగతి ఎదురుగా కూర్చున్నవాళ్ళకు కూడా తెలీదు.

రోజంతా నాది ఒకటే పాట. ఎవరైనా సెల్‌లో పలికి కంప్యూటర్ రావట్లేదంటే, ముందు ఫోను అద్దంలో వెలుగుందా చూడండి, లేకపోతే గోడ వైరు ఊడిందేమో చూడండి, వెలుగుండి కూడా రాకపోతే రెండో వైరు చూడండి, అదీ బాగుంటే గోడ వైరు తీసి నేరుగా కంప్యూటర్‌కే పెట్టి చూడండి, అప్పుడు వస్తే తప్పు ఫోనుది, రాకపోతే గోడది అని నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. బాపట్లలో అయితే శనివారం వచ్చిందంటే రెండు మూడు బల్లలు ఆగిపోయేవి. రెండుసార్లు బస్సెక్కి పోయి, కనపడ్డ ప్రతివాళ్ళ మీదా చిరాకుపడి, చివరికి కనిపెట్టిందేమంటే, అక్కడి ఆయమ్మ వారానికోసారి ఫోన్ల వైర్లన్నీ ఊడదీసి, తడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, ఏ రంధ్రం ఖాళీగా కనిపిస్తే దాంట్లో చేతికందిన వైరు దూర్చి పోతోంది. అంత మురికి పట్టిన ఫోను చెవి దగ్గర ఎట్టా పెట్టుకుంటారమ్మా అని నన్నే నిలదీసింది. నవ్వుకుంటూ గోడ వైర్లన్నిటికీ గుర్తుగా ఎర్ర దారం కట్టి వచ్చాను. రేపల్లెలో కూడా అప్పుడే కట్టి ఉండాల్సింది, కట్టలేదు.

తెనాలిలో నా బల్ల మీది కంప్యూటర్‌లో మూడు ఊళ్ళ ఫోన్ల జాబితా ఉండేది, బాగున్నదానికి పచ్చచుక్క, ఆగినదానికి ఎర్రచుక్క. ఆదివారం తప్ప ప్రతిరోజూ సరిగ్గా పది గంటలకు రేపల్లెలో ఒకే ఒక్క ఫోను ఎర్రబడేది. ఇరవై నిమిషాలలోపు దానంతటదే పచ్చబడేది. అది ముందు హాల్లో పెదనాన్న బల్ల మీది ఫోను. ఆయన ఉద్యోగ కాలం అయిపోయినా, ఆయన లేనిదే పాత రికార్డులు దొరకవని ఆసుపత్రివాళ్ళు ఇంకా ఉంచుకున్నారు. రేపల్లెలో చిన్నచిన్న పరీక్షలే చేసేవారు, పెద్దవాటికి తెల్లవారి బస్సులో మంచుపెట్టెలో రక్తం సీసాలు తెనాలి ల్యాబుకు పంపేవారు. ప్రాణం మీదికి తెచ్చే అంకె ఏదైనా తేలిందంటే, పెదనాన్న బల్ల మీది కంప్యూటర్‌లో ఎర్ర గీతతో ఆ రోగి పేరు పైకి వచ్చేది, ఆయన చూసి డాక్టరుగారిని పిలిచేవారు. ఆ ఎర్ర గీత రావలసిన దారి ఆ ఒక్క ఫోనులోంచే.

పదింటికి అక్కడ ఏం జరుగుతోందని అడిగితే, ఇక్కడంతా బాగానే ఉందమ్మా అనేవారు పెదనాన్న. ఆయన మాట నిజమే, నేను అడిగే వేళకు బాగానే ఉండేది. కరెంటు తీస్తున్నారేమో అనుకుంటే లోపలి గదుల ఫోన్లు ఆగట్లేదు. ఎలుకలేమో అనుకుంటే, ఎలుక గడియారం చూసుకుని కొరకదు. ఫోను మార్పించాను, వైరు మార్పించాను, గోడలో రంధ్రం కూడా మార్పించాను, అయినా చుక్క వేళకు ఎర్రబడుతూనే ఉంది. రానురాను తొమ్మిదిన్నర దాటితే చాలు చేతిలో పని వదిలేసి ఆ చుక్క ముందు కూర్చునేదాన్ని. ల్యాబులో పనిచేసే ఆయన్ను వరసేమీ లేకపోయినా అందరం అన్నయ్య అని పిలిచేవాళ్ళం. ఒకరోజు ఆయన నా గది గుమ్మంలో నిలబడి, “సరిగ్గా ఆ ఇరవై నిమిషాల్లోనే ఎవరికన్నా ఎర్ర గీత పడిందనుకో, ఏంటమ్మా గతి?” అన్నాడు. ఆ మాట ఆ రోజు నుంచి నన్ను వదిలిపెట్టలేదు.

మర్నాడే రేపల్లె రైలెక్కాను. వేమూరు దాటాక కోతలైపోయిన పొలాలు బోసిగా కనిపించాయి, ఎక్కడో గడ్డి కాలుస్తున్న పొగ భట్టిప్రోలు దాకా వెంటే వచ్చింది. తొమ్మిదిన్నరకు ఆసుపత్రి చేరాను. పదింటికి ప్రార్థన గంట కొట్టారు. డాక్టరుగారి దగ్గర్నుంచి ఆయమ్మల దాకా అందరూ వచ్చి ముందు హాల్లో పెదనాన్న బల్ల చుట్టూ నిలబడి, ఎవరి సెల్‌ఫోను వాళ్ళు ఆపేసి ఒక వెదురుబుట్టలో వేశారు, నేనూ వేశాను. పెదనాన్న కీర్తన ఎత్తుకున్నారు, అందరం కళ్ళు మూసుకున్నాం. ఆమెన్ అయ్యాక సెల్ తీసి తెనాలికి చేస్తే, పదింటికి పోయిందండి, ఇంకా రాలేదండి అన్నారు. గబగబా బల్ల దగ్గరికి వెళ్ళి చూస్తే ఫోను అప్పుడే మేలుకుంటోంది, మూడు నిమిషాల్లో అంతా సవ్యంగా ఉంది. నా చేతికందేంత దూరంలో అది జరిగిపోయింది, ఆ సేపంతా నేను కళ్ళు మూసుకుని నిలబడి ఉన్నాను. మధ్యాహ్నం పెద్దమ్మ చేసిన చేపల పులుసు కూడా రుచించలేదు. వడ్డిస్తుంటే ఆవిడ పాదాలు ఉబ్బి కనిపించాయి. అడిగితే, పొద్దస్తమానం నిలబడే ఉంటాను గదమ్మా అని కొట్టిపారేసింది.

వారం తిరక్కుండా మళ్ళీ వెళ్ళాను. ప్రార్థనలో కళ్ళు తెరవడం మా ఇళ్ళలో ఎంత తప్పో తెలిసినవాళ్ళకు తెలుసు, చిన్నప్పుడు ఆ తప్పుకే పెదనాన్న చేతి మొట్టికాయలు తిన్నదాన్ని. ఆ రోజు తెరిచాను. పెదనాన్న తల వంచుకుని కీర్తన పాడుతూనే, ఎడమ చెయ్యి ఫోను కిందికి పోనిచ్చి, వేళ్ళతో తడిమి, చిన్న నొక్కు నొక్కి, గోడ వైరును చప్పుడు కాకుండా బయటికి తీసి బల్ల మీద పడుకోబెట్టారు. ఫోను అద్దంలో వెలుగు ఆరిపోయింది. దేవుడితో మాట్లాడేటప్పుడు మధ్యలో గంట మోగకూడదని నల్ల ఫోను రోజుల నుంచీ ఆయన చేస్తూ వచ్చిన పని అది. దాని వెనకాల ఏం వేళ్ళాడుతోందో ఆయనకు ఎవరు చెప్పారు గనక. చూడకూడనిది చూసినదానిలా నేను చటుక్కున కళ్ళు మూసుకున్నాను.

ఇక్కడే నా తప్పు మొదలైంది. బాపట్ల ఆయమ్మకు చెప్పినంత తేలిగ్గా పెదనాన్నకు చెప్పలేకపోయాను. నన్ను మనిషిని చేసిన ఆయన్ను, అంతమంది ఎదురుగా కాకపోయినా, పక్కకు పిలిచి, ఇన్నాళ్ళూ నేను వెతుకుతున్న తప్పు మీ చెయ్యే పెదనాన్నా అని ఎట్లా అనడం. ఆయన చిన్నబుచ్చుకుంటారు, నన్ను చూసినప్పుడల్లా తలదించుకుంటారు అనుకున్నాను. అదంతా మొహమాటం, దానికి మర్యాద అని పేరు పెట్టుకున్నాను. ఆయనతో పని లేకుండా దారి ఆలోచించాను. గోడలో ఇంకో రంధ్రం వేయించి కంప్యూటర్‌కు వేరే వైరు ఇస్తే, ఆయన ఫోను వైరు ఎంతసేపు తీసుకున్నా ఇబ్బంది లేదు గదా. తెనాలి వచ్చి కాగితం పెట్టాను, వచ్చే నెలలో మనిషిని పంపుతామన్నారు. ల్యాబు అన్నయ్యతో కారణం దొరికింది, బాగు చేయిస్తున్నాను అని మాత్రం చెప్పాను. పది కొట్టగానే ఎర్రబడే చుక్కను చూస్తే ఇప్పుడు భయం వేసేది కాదు, పెదనాన్న కీర్తన ఎత్తుకున్నారు కాబోలు అని నవ్వొచ్చేది.

ఆ నవ్వు మూడు వారాలు కూడా నిలవలేదు. అవి ఉపవాస ప్రార్థనల రోజులు. ఒకరోజు పది దాటి ఐదారు నిమిషాలకు, ల్యాబు అన్నయ్య చేతిలో కాగితంతో నా గదిలోకి వచ్చాడు. “రేపల్లె వాళ్ళదమ్మా, రక్తంలో పొటాషియం బాగా ఎక్కువుంది. ఇంతుంటే గుండె ఎప్పుడన్నా ఆగిపోద్ది, వెంటనే ఇంజెక్షను పడాలి. కంప్యూటర్లో పంపితే పోవట్లా, ఫోను మోగట్లా” అన్నాడు. నేను జాబితా వంక చూశాను, చుక్క ఎర్రగా ఉంది. కారణం తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఆ తెలిసినతనంతోనే చెప్పాను, “కంగారేం లేదు అన్నయ్యా, ఇంకో పది నిమిషాల్లో అదే వచ్చేస్తుంది.” నాకు తెలియకపోయి ఉంటే ఆ క్షణమే ఉన్న దారులన్నీ వెతికి ఉండేదాన్ని. అన్నయ్య నా మాట నమ్మి, కాగితం నా బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఇద్దరం చుక్క వంక చూస్తూ కూర్చున్నాం.

పదీ ఇరవై అయింది, చుక్క పచ్చబడలేదు. ఇరవై అయిదు అయింది. ఇంకే దారి ఉందా అని బల్ల మీద తడుముకుంటుంటే ఆ కాగితం చేతికి తగిలింది, దాని మీద పేరు మా పెద్దమ్మది. ముందురోజు సాయంత్రం నీరసంగా ఉందని చేర్పించారట. తెనాలి నుంచి నేను హైరానా పడి వస్తానని పెదనాన్న నాకు కబురు చెయ్యలేదు. పేరు ముందే చూసి ఉంటే పరుగెత్తేదాన్ని. అంటే ఇంకెవరో అయితే పది నిమిషాలు ఆగవచ్చని నా మనసు లెక్క వేసిందన్నమాట. ఈ ఒక్క మాట నన్ను తిన్నంతగా మిగతాదేదీ తినలేదు.

ఒకరి తరువాత ఒకరికి సెల్ చేశాను, అన్నీ ఆపేసి బుట్టలో ఉన్నాయి. లోపలి గదుల ఫోన్లు మూసిన తలుపుల వెనక మోగి మోగి ఆగిపోయాయి, ఎత్తేవాళ్ళంతా హాల్లోనే ఉన్నారు. ఆసుపత్రి ఎదురుగా మందుల షాపు నడిపే సాయిబుగారిని నేను బాబాయ్ అనేదాన్ని, ఆయన షాపు నంబరు నా సంచిలో తలనొప్పి మాత్రల కవరు మీద ఉంది. విషయం రెండు ముక్కల్లో చెప్పగానే, “ఉండమ్మా, పోతన్నా” అని షాపు అట్లాగే వదిలేసి పరుగెత్తారు. ఆయన వెళ్ళేసరికి హాల్లో అందరూ ఇంకా కళ్ళు మూసుకునే నిలబడి ఉన్నారట. ఆ రోజు పెదనాన్న పెద్దమ్మ కోసమే ప్రార్థన చేస్తున్నారు. అందుకే అది అంత పొడుగైంది. బాబాయ్ గుమ్మంలోంచే కేకేస్తే డాక్టరుగారు ఉరికారు, ఇంజెక్షను పడింది. నేనెక్కిన బస్సు భట్టిప్రోలు దాటుతుండగా సెల్ మోగింది. అవతలి మనిషి ఏమీ అనకముందే నాకు తెలిసిపోయింది.

హాల్లోకి అడుగుపెట్టేసరికి లోపల్నుంచి ఏడుపులు వినిపిస్తున్నాయి. నా కాళ్ళు మాత్రం ముందు ఆ బల్ల దగ్గరికే పోయాయి, నా పని అలవాటు అట్లాంటిది. ఫోను చీకటిగా ఉంది. తిప్పి చూస్తే, గోడ వైరు కంప్యూటర్ బొమ్మ ఉన్న రంధ్రంలోనూ, కంప్యూటర్ వైరు గోడ వైరు చోటనూ ఉన్నాయి. పెదనాన్న కంగారులో రెండూ లాగేసి, తారుమారుగా పెట్టినట్టున్నారు. నేను మార్చి పెట్టాను. ఫోను నెమ్మదిగా వెలిగింది. రెండు మూడు నిమిషాలకు కంప్యూటర్‌లో అన్నిటికంటే పైన ఎర్ర గీత వచ్చి నిలబడింది, దాని కింద పెద్దమ్మ పేరు, వయసు, పదీ మూడు అని వేళ. వెనక్కి తిరిగితే పెదనాన్న నిలబడి ఉన్నారు. ఎంతసేపటి నుంచి ఉన్నారో నాకు తెలీదు.

మూత్రపిండాలు ఎప్పుడో పాడయ్యాయమ్మా, ముందే తెలిసినా నిలిచేదో లేదో చెప్పలేం అన్నారు డాక్టరుగారు. అది నిజమో, నన్ను ఊరడించడానికి అన్నారో ఇప్పటికీ తేల్చుకోలేదు. ఆగిపోయిన కారణం రాసివ్వమని తెనాలి నుంచి అడిగితే, ఫోను అడుగున వైరు వదులైంది అని రాసి సంతకం పెట్టాను. ల్యాబు అన్నయ్య ఆ కాగితం చదివి నా మొహంలోకి చూసి, దాన్ని నా బల్ల మీదే పెట్టి వెళ్ళిపోయాడు. మరుసటి నెల మనిషి రానే వచ్చాడు, గోడలో రెండో రంధ్రం వేసి కంప్యూటర్‌కు వేరే వైరు ఇచ్చి పోయాడు.

దినాలయ్యాక పెదనాన్న మళ్ళీ పనిలోకి వచ్చారు. ఆ రోజు పది గంటల ప్రార్థనలో నేనూ ఉన్నాను, కళ్ళు తెరుచుకునే ఉన్నాను. ఆయన చెయ్యి ఫోను దాకా పోయి, అక్కడ ఆగి, వెనక్కి వచ్చింది. ప్రార్థన సగంలో ఉండగా ఫోను మోగింది. ఆయన ప్రార్థన ఆపి, ఎత్తి, ఎవరికో మంచం నంబరు చెప్పి, పెట్టేసి, ఆపిన మాట దగ్గర్నుంచి మళ్ళీ అందుకున్నారు. ఆ తరువాత ఆయన పనిచేసినంత కాలం అంతే. నేనూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. దుఃఖంలో పడి పాత పట్టింపులు సడలాయి కాబోలు అని నాకు నేను చెప్పుకున్నాను.

ఆయన మంచాన పడ్డాక వీలున్నప్పుడల్లా రేపల్లె వెళ్ళి వస్తుండేదాన్ని. ఒక మధ్యాహ్నం జావ తాగించి మూతి తుడుస్తుంటే, నా వంక చూసి, “ఆ రోజు ప్రార్థనలో నేను వైరు తీస్తుంటే నువ్వు కళ్ళు తెరిచి చూశావు గదమ్మా, నేను గమనించా” అన్నారు. కాసేపు ఊపిరి తీసుకుని, “చూసి కూడా ఏమీ అన్లేదు. మా అమ్మాయికి ఈ పని తెలుసు, తప్పయితే చెప్పేది గదా, పర్వాలేదులే అనుకున్నా” అన్నారు. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. తన తప్పు ఎట్లా జరిగిందో చెప్పుకుని పోవాలనుకున్నారు, అంతే. నేను ఆయన ఎడమ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. తప్పు నాది పెదనాన్నా అన్న ఒక్క మాట అప్పుడు కూడా అనలేదు. ఆయన మరో పది రోజులు ఉన్నారు.

ఇప్పుడు ఆ ఆసుపత్రిలో ఏ బల్ల మీదా ఆ ఫోన్లు లేవు. కంప్యూటర్లకు వైర్లే లేవు, రిపోర్టు డాక్టరు ఎక్కడుంటే అక్కడికి ఆయన చేతిలోకే వస్తుంది. మంచిదే, ఒక వైరు ఊడినందుకు ఇప్పుడు ఎవరి ప్రాణం మీదికీ రాదు. ప్రార్థన మైకులో వినిపిస్తుంది, ఎవరి పని వాళ్ళు చేసుకుంటూనే ఉంటారు, బుట్టలో ఎవరూ ఏమీ వెయ్యరు. అయినా అంతమంది ఒక బల్ల చుట్టూ చేరి, లోకాన్ని కాసేపు అవతల పెట్టి, ఒకరి ఊపిరి ఒకరికి వినపడేంత నిశ్శబ్దంగా నిలబడటం నేను ఇంకెక్కడా చూడలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు లాగుతుంది, ఆ వెంటనే భయమూ వేస్తుంది.

మొన్న ఆదివారం అయ్యగారు చివరి ప్రార్థన చేస్తుంటే చర్చిలో అన్ని తలలూ వంగి ఉన్నాయి. నేను ఒళ్ళో ఫోను వంక చూస్తూ కూర్చున్నాను, ఆ గంటన్నరలో అది ఒక్కసారి కూడా వెలగలేదు. బయటికి వచ్చి చెప్పులు వేసుకుంటుండగా వదిన ఉండబట్టలేక, ఎవరి ఫోను కోసం అంతలా కనిపెట్టుకుని కూర్చున్నావని అడిగింది. ఎవరిదీ కాదని చెప్పాను.